పడవ క్యాబిన్ కిటికీలు మార్చేటప్పుడు ఏ ప్లాస్టిక్ షీటు తీసుకోవాలి

హుస్సేన్ సాగర్ మీద కనిపించే తెరచాప పడవల్లో చాలావరకు పైకప్పు లేని చిన్న పడవలే కాబట్టి, వాటిని నడిపేవారికి కిటికీల బెడద ఉండదు. కానీ ఇక్కడ సెయిలింగ్ నేర్చుకున్నవారు తరువాత ముగ్గురో నలుగురో కలిసి సముద్రతీరంలో ఒక క్యాబిన్ పడవను కొనుక్కుంటే, కొన్నేళ్లలోనే ఈ సమస్య ఎదురవుతుంది. నేనూ నా ఇద్దరు స్నేహితులూ విశాఖపట్నంలో ఉంచుకున్న 23 అడుగుల పాత ఫైబర్ పడవకు ఇంతవరకు రెండుసార్లు కిటికీలు మార్చాము. షీటు కొనడం, కోయించడం రెండుసార్లూ హైదరాబాద్‌లోనే జరిగాయి. కోసిన పలకలను పాత దుప్పట్లలో చుట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకువెళ్లాము. మొదటిసారి చేసిన పని నిలవలేదు, రెండవసారి చేసినది నిలిచింది. ఆ రెండింటి మధ్య తేడా షీటు పేరులో కంటే దాని తయారీ విధానంలోనూ, బిగింపులోనూ, దానికి తగిలిన రసాయనాలలోనూ ఉందని నాకు అర్థమైంది కాబట్టి, ఆ క్రమంలోనే ఈ వివరాలు రాస్తున్నాను.

కిటికీకి గాజు ఎందుకు వాడకూడదని చాలామంది అడుగుతారు. టఫెండ్ గాజును పెద్ద పడవల్లో వాడతారు, దానికి సులభంగా గీతలు పడవు, ఎండకు చెడిపోదు. అయితే గాజు ప్లాస్టిక్ కంటే రెట్టింపు బరువు ఉంటుంది, కోసి గట్టిపరచిన తరువాత దానికి మళ్లీ రంధ్రం చేయడం గానీ అంచు సరిచేయడం గానీ కుదరదు, చిన్న పడవ క్యాబిన్ గోడకు ఉండే కొద్దిపాటి వంపుకు అది ఒదగదు. అందువల్ల మన స్థాయి పడవలకు ఎంపిక రెండు ప్లాస్టిక్‌ల మధ్యనే ఉంటుంది: యాక్రిలిక్, పాలీకార్బొనేట్.

యాక్రిలిక్ 1930ల నుంచి షీట్ల రూపంలో మార్కెట్‌లో ఉంది. ప్లెక్సిగ్లాస్, పెర్‌స్పెక్స్ అనేవి దాని వాణిజ్య నామాలే. వెలుతురులో సుమారు 92 శాతాన్ని లోపలికి పోనిస్తుంది, ఇది మామూలు కిటికీ గాజు కంటే కొంచెం మెరుగు. దీని అసలు బలం ఎండను తట్టుకోవడంలో ఉంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దీని అణువులను అంత సులభంగా విడగొట్టలేవు కాబట్టి, మంచి షీటు పది, పదిహేనేళ్ల తరువాత కూడా పసుపురంగుకు తిరగదు. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల కాక్‌పిట్ పైకప్పులకు దీనినే వాడారు. అవి పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ముక్కలు కంటికి పెద్దగా హాని చేయకపోవడం గమనించిన లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949లో ఇదే పదార్థంతో చేసిన కటకాన్ని శుక్లాల రోగి కంటిలో అమర్చాడు. శరీరంలోని ఉప్పునీటిలో ఏళ్ల తరబడి చెడకుండా ఉండే పదార్థం సముద్రపు తుంపరకు భయపడదని చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ ప్రస్తావించాను. యాక్రిలిక్ లోపం పెళుసుతనం. గట్టి దెబ్బకు అది వంగదు, పగులుతుంది. ఒకసారి పగులు మొదలైతే రంధ్రం నుంచి అంచు దాకా పాకుతుంది.

పాలీకార్బొనేట్ స్వభావం దీనికి తలకిందులు. లెక్సాన్, మాక్రోలాన్ అనే పేర్లతో ఎక్కువమందికి తెలిసిన ఈ ప్లాస్టిక్‌ను సుత్తితో కొట్టినా సొట్ట పడుతుందే తప్ప ముక్కలు కాదు. అదే మందం గల గాజు కంటే సుమారు 250 రెట్లు దెబ్బను తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. పోలీసుల రక్షణ కవచాలను, హెల్మెట్ల ముందు అద్దాలను దీనితో చేస్తారు. కానీ సులభంగా గీతలు పడేంత మెత్తన, ఉపరితల రక్షణ పొర లేకపోతే ఎండకు కొద్ది సంవత్సరాలలోనే పసుపుపచ్చగా మారి పొగచూరినట్టు అవుతుంది. పైగా గట్టిగా ఉన్నట్టు అనిపించినా, అదే మందంలో యాక్రిలిక్ కంటే మూడోవంతు ఎక్కువగా వంగుతుంది. అల పక్కనుంచి బలంగా తాకినప్పుడు పాలీకార్బొనేట్ పలక పగలకుండానే మధ్యలో లోపలికి వంగి, ఫ్రేము గాడిలోంచి మొత్తంగా జారిపోయే ప్రమాదం ఇందువల్లనే ఉంటుంది. గీతలు పడ్డ యాక్రిలిక్‌ను సన్నని నీటి కాగితంతో (తడిపి వాడే ఉప్పుకాగితం) రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పెట్టి మళ్లీ తళతళలాడించవచ్చు. పాలీకార్బొనేట్‌కు ఆ అవకాశం దాదాపు లేదు, ఎందుకంటే రుద్దితే పోయేది ఎండనుంచి కాపాడే పైపొరే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత నా నిర్ణయం ఇది: క్యాబిన్ పక్కగోడల్లో స్థిరంగా ఉండే కిటికీలకు కాస్ట్ యాక్రిలిక్ (ద్రవాన్ని పోసి గట్టిపరచిన రకం, దీని సంగతి కింద చెబుతాను) తీసుకోండి. మీరు ప్రతిరోజూ చూసేది దాని గుండానే, రాత్రి రేవు దీపాలు చెదరకుండా కనిపించవలసిందీ దాని గుండానే. క్యాబిన్ ద్వారానికి అడ్డంగా పెట్టే పలకలకు, తుఫాను సమయంలో కిటికీల మీద బయటినుంచి బిగించే తాత్కాలిక కవచాలకు పాలీకార్బొనేట్ మేలు. అవి ఎల్లకాలం ఎండలోనే ఉండవు, అవసరమైనప్పుడు మాత్రం దెబ్బలకే గురవుతాయి. డెక్ మీద మనిషి కాలు పెట్టే హ్యాచ్ (లోపలికి దిగే ద్వారం) మూతల విషయంలో అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. నేను మందమైన యాక్రిలిక్‌నే ఎంచుకున్నాను, ఎందుకంటే బూట్ల కింద పడే ఇసుకరేణువుల గీతలను ఏడాదికోసారి పాలిష్ చేసి తీసివేయగలుగుతున్నాను.

దుకాణాల్లో పారదర్శకంగా కనిపించే మిగతా ప్లాస్టిక్‌ల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. పాలీస్టైరీన్ ఫొటో ఫ్రేములకు పనికివస్తుంది, పడవకు కాదు. పీఈటీజీ కోయడానికి, వంచడానికి సులభమే కానీ రక్షణ పొర లేని రకం ఎండకు నిలవదు, అరవై, డెబ్బై డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. మెత్తని పారదర్శక వినైల్‌ను పడవ కాక్‌పిట్ (నడిపేవారు కూర్చునే చోటు) ముందు గుడారం వంటి కప్పుకు, తెరచాపలో కుట్టే చూపు కిటికీకి వాడతారు. హుస్సేన్ సాగర్‌లో లేజర్ తరగతి పడవల తెరచాపల్లో కనిపించేది అటువంటి పారదర్శక పొరే. దాన్ని మడత పెట్టకుండా చుట్టి ఉంచితే చాలాకాలం వస్తుంది. ఈ వ్యాసం గట్టి పలకలకు మాత్రమే సంబంధించినది.

కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ అనే తేడా

మేము మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే జరిగింది. నగరంలోని ఒక సైన్‌బోర్డుల దుకాణానికి వెళ్లి, 6 ఎం.ఎం. యాక్రిలిక్ కావాలని అడిగాము. "ఇది కాస్ట్ షీటేనా?" అని అడిగితే, "అన్నీ ఒకటే సార్, బోర్డులకు అందరూ ఇదే తీసుకుంటారు" అన్నాడు దుకాణదారు. పాత కిటికీని అచ్చుగా పెట్టి లేజర్ యంత్రంతో కోయించాము. అంచులు అద్దంలా మెరుస్తూ వచ్చాయి, మాకు చాలా సంతోషం కలిగింది. పడవ దగ్గర బిగించే ముందు అంచులకు అంటిన జిగురును థిన్నర్‌తో తుడిచాను. మరునాడు ఉదయం చూసేసరికి, కోసిన అంచు పొడవునా వేలెడు వెడల్పున వెంట్రుకలంత సన్నని పగుళ్లు వందలకొద్దీ లోపలికి పాకి ఉన్నాయి. సూర్యుడు తూర్పున కాస్త పైకి వచ్చేసరికి అవి వెండిదారాల్లా మెరిశాయి. ఆ పలకలను ఏడాది కూడా ఉంచలేక తీసివేశాము.

జరిగినదేమిటంటే, ఎక్స్‌ట్రూడెడ్ షీటును కరిగిన ప్లాస్టిక్‌ను రోలర్ల మధ్య లాగి తయారుచేస్తారు. దాని అణుగొలుసులు పొట్టివి, లాగిన దిశలో లోపల బిగువు మిగిలి ఉంటుంది. కాస్ట్ షీటును రెండు గాజు పలకల మధ్య ద్రవాన్ని పోసి మెల్లగా గట్టిపడనిస్తారు. అందులో అణుగొలుసులు చాలా పొడవుగా ఉంటాయి, లోపలి బిగువు తక్కువ, థిన్నర్ వంటి ద్రావకాలను ఎక్కువసేపు తట్టుకుంటుంది, రంపం కింద కరిగి అంటుకుపోకుండా పొడిగా రాలుతుంది. దానికి తోడు లేజర్ కోత అంచును ఒక్కసారిగా కరిగించి చల్లార్చడం వల్ల ఆ అంచులో కొత్త బిగువును నింపుతుంది. అటువంటి అంచును ద్రావకం తాకితే పగుళ్లు తప్పవు. ఎక్స్‌ట్రూడెడ్ షీటుకు ఉన్న ఒక మేలు దాని మందం కచ్చితంగా ఉండడం. కాస్ట్ షీటు మీద 6 ఎం.ఎం. అని రాసి ఉన్నా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండడం మామూలే. మీ కిటికీలకు రబ్బరు గాస్కెట్ గల అల్యూమినియం ఫ్రేములు ఉంటే ఆ అర మిల్లీమీటరు కూడా పని చెడగొడుతుంది కాబట్టి, కొనడానికి వెళ్లేటప్పుడు వెర్నియర్ క్యాలిపర్ వెంట తీసుకువెళ్లి, నాలుగు మూలల్లో కొలిచిన తరువాతే డబ్బు ఇవ్వండి.

రాణిగంజ్, బాలానగర్ ప్రాంతాల్లో సామాన్లు వెతికేటప్పుడు మాటమీద ఆధారపడకుండా చేతిలోని చిన్న ముక్కనే అడిగి తెలుసుకోవచ్చు. దుకాణంలో ఎప్పుడూ రాలిపోయిన కోత ముక్కలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. సన్నని పట్టీని రెండు చేతులతో వంచితే యాక్రిలిక్ ఠక్కున విరుగుతుంది, పాలీకార్బొనేట్ వంగిపోయి అలాగే నిలుస్తుంది. కంటికి రక్షణ లేకుండా ఈ పని చేయవద్దు. బయట, గాలి బాగా వచ్చే చోట, పట్టకారుతో పట్టుకుని నిప్పంటిస్తే యాక్రిలిక్ చిటపటలాడుతూ, మంట తీసివేసినా మండుతూనే ఉంటుంది, పండు వంటి తియ్యని వాసన వస్తుంది. పాలీకార్బొనేట్ నల్లని మసి కక్కి, మంట తీసివేయగానే ఆరిపోతుంది. కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ తేడా తెలుసుకోవడానికి ఆ సైన్‌బోర్డు వారి లేజర్ యంత్రమే ఉపయోగపడుతుంది: ముక్క మీద ఒక అక్షరం చెక్కించండి. కాస్ట్ మీద అది తెల్లగా, మంచుపట్టినట్టు కనిపిస్తుంది, ఎక్స్‌ట్రూడెడ్ మీద గీత మాత్రమే ఉండి పారదర్శకంగానే మిగులుతుంది.

లోపలి బిగువును కంటితో చూసే మార్గం కూడా ఒకటి ఉంది. ల్యాప్‌టాప్‌లో తెల్లని పేజీ తెరిచి, షీటును దాని ముందు నిలబెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, తెర చీకటిగా కనిపించే దాకా తలను పక్కకు వంచి చూడండి. బిగువు ఉన్నచోట ఇంద్రధనుస్సు రంగుల పట్టీలు తేలుతాయి. పాలీకార్బొనేట్‌లో ఈ రంగులు ఎప్పుడూ దట్టంగానే ఉంటాయి, యాక్రిలిక్‌లో మాత్రం చాలా తక్కువగా ఉండాలి. మరలను అతిగా బిగించారో లేదో కూడా ఈ పద్ధతిలోనే తెలుసుకోవచ్చు. మరల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే వెంటనే వదులు చేయండి.

పాలీకార్బొనేట్ కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు. మన నగరంలో కారు పార్కింగుల పైకప్పులకు ఈ షీట్లు విరివిగా అమ్ముడుపోతాయి. అందులో లోపల గదులున్న మల్టీవాల్ రకం మనకు పనికిరాదు, ఘనంగా ఉండే కాంపాక్ట్ షీటు కావాలి. దానిమీద అతినీలలోహిత రక్షణ పొర ఒక వైపు మాత్రమే ఉందా, రెండు వైపులా ఉందా అని తప్పక తెలుసుకోవాలి. ఒక వైపే ఉంటే ఏ వైపు ఎండకు పెట్టాలో పైనున్న ప్లాస్టిక్ పొరమీద ముద్రించి ఉంటుంది. ఆ పొరను తీసివేయకముందే షీటు మూలలో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. పొర ఊడదీసిన తరువాత ఏ వైపు ఏదో చూసి చెప్పడం సాధ్యం కాదు, తిరగేసి బిగించిన పలక మూడు నాలుగేళ్లలోనే పసుపురంగుకు వస్తుంది.

మందం ఎంత ఉండాలి

చిన్న పడవల కిటికీల బలానికి ఐఎస్ఓ 12216 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పడవ ఎంత దూరం వెళుతుంది, కిటికీ గోడలో ఏ చోట ఉంది, పలక కొలత ఎంత అన్నవాటిని బట్టి అది మందాన్ని నిర్ణయిస్తుంది. ఆ లెక్క అందుబాటులో లేకపోయినా, ఎదురయ్యే బరువు ఎంతటిదో మనసులో ఉంచుకోవడం మంచిది. ఒక మీటరు ఎత్తు నీరు చదరపు మీటరుకు 1000 కిలోల బరువుతో నొక్కుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ మీద అంటే 150 కిలోలు. ఇద్దరు పెద్దమనుషులు పలక మీద నిలబడినంత బరువు అది. అల ఒక్కసారిగా విసిరి కొట్టినప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువగానే ఉంటుంది.

పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందపు ఘనానికి (మూడో ఘాతానికి) అనుపాతంగా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల బదులు 8 మిల్లీమీటర్లు వేస్తే మందం మూడోవంతే పెరిగినా గట్టిదనం రెట్టింపు దాటుతుంది. మా పడవలో పొడవైన కిటికీలకు 8, ముందున్న చిన్న కిటికీలకు 6, డెక్ హ్యాచ్‌కు 12 వాడాము. పాత పలక మందం కంటే తక్కువ ఎన్నడూ వేయవద్దు, ఫ్రేము గాడి ఒప్పుకుంటే ఒక మెట్టు పైకి వెళ్లండి. యాక్రిలిక్ స్థానంలో పాలీకార్బొనేట్ పెడుతూ, "అది గట్టిది కదా" అని మందం తగ్గించేవారిని చూశాను. దయచేసి అలా చేయవద్దు, వంగడంలో అది బలహీనమైనదని ముందే చెప్పుకున్నాము.

వేడికి సాగడం

కిటికీలు కారడానికి మూలకారణం ఎక్కువగా ఇదే. యాక్రిలిక్, పాలీకార్బొనేట్ రెండూ డిగ్రీకి మీటరుకు సుమారు 0.07 మిల్లీమీటరు సాగుతాయి. పడవ గోడలోని ఫైబర్ గానీ ఫ్రేములోని అల్యూమినియం గానీ సాగేది అందులో మూడోవంతు మాత్రమే. చలికాలపు తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర ఉండే పలక, మే నెల మధ్యాహ్నపు ఎండలో, అందులోనూ పొగరంగుదైతే, 60 డిగ్రీలకు చేరుతుందని అనుకుందాం. 70 సెంటీమీటర్ల పలక ఆ తేడాకు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లకు చోటు ఇవ్వకపోతే పలక మరలను నెట్టుతుంది, మరలు కదలవు, చివరికి రంధ్రం అంచులో పగులు మొదలవుతుంది. పాత పడవల్లో మరల చుట్టూ నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్లు ఇలా ఏర్పడినవే.

కాబట్టి 5 మిల్లీమీటర్ల మరకు 8 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. రంధ్రం మధ్యబిందువు అంచునుంచి కనీసం 16 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, 20 ఉంటే ఇంకా నయం. మర తల రంధ్రంలో దిగిపోయేలా శంఖాకారంగా తొలిచే అలవాటును ఇక్కడ పూర్తిగా మానివేయాలి. ఆ ఆకారం చీలమేకులా పనిచేసి పలకను లోపలినుంచి చీలుస్తుంది. అడుగు చదునుగా ఉన్న మర, దాని కింద వెడల్పైన రబ్బరు వాషరు పెట్టి, వేళ్లతో తిప్పగలిగినంత బిగువు వచ్చాక పావు చుట్టు మాత్రమే తిప్పి ఆపివేయండి. నీటిని ఆపవలసినది మధ్యనున్న సీలెంటే (సందును నింపి మూసే జిగురు ముద్ద), మర బలం కాదు.

కోయడం, రంధ్రాలు చేయడం

లేజర్‌కు బదులు సీఎన్‌సీ రౌటర్‌తో (కంప్యూటరు నడిపే కోత యంత్రం) కోసేవారిని వెతకండి. బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో అటువంటి వర్క్‌షాపులు దొరుకుతాయి. పాలీకార్బొనేట్‌ను లేజర్‌తో కోయించడం అసలు వద్దు, అంచు నల్లగా మాడుతుంది. యాక్రిలిక్‌ను లేజర్‌తోనే కోయవలసి వస్తే, ఆ తరువాత ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, తలుపు తీయకుండా మెల్లగా చల్లారనివ్వమని అడగండి. అంచులోని బిగువు సడలుతుంది.

డ్రిల్లు బిట్టు విషయంలో కొంచెం ఓపిక పట్టాలి. ఇనుముకు వాడే మామూలు బిట్టు పదునైన పెదవి ప్లాస్టిక్‌లోకి కొరికి దూసుకుపోయి, అవతలివైపు బయటపడే క్షణంలో పెచ్చు లేపుతుంది. ఆ పెదవిని సానరాయి మీద ఒకటి రెండుసార్లు చదునుగా రాసి మొద్దుబారిస్తే, అది కొరకడం మాని గీకుతూ వెళుతుంది, పొట్టు రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. పలక కింద చెక్కముక్క గట్టిగా బిగించి, తక్కువ వేగంతో, మధ్యమధ్యలో బిట్టును బయటికి తీస్తూ, సబ్బునీటి చుక్కలు వేస్తూ తొలవండి. తరువాత రంధ్రం లోపలి గోడను సన్నని ఉప్పుకాగితం చుట్టిన పుల్లతో నునుపు చేయాలి. అక్కడ మిగిలిన చిన్న గాటే రేపటి పగులుకు మొదలు. ఈ ఒక్క పనికి నేను ఒక్కో కిటికీకి గంటకు పైగా వెచ్చించాను.

గోడ వంపుగా ఉంటే పలకను చల్లగానే వంచి బిగించవచ్చు గానీ, దానికి హద్దు ఉంది. యాక్రిలిక్‌కు వంపు వ్యాసార్ధం మందానికి కనీసం 200 రెట్లు ఉండాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. 8 మిల్లీమీటర్ల పలకకు అంటే 1.6 మీటర్లు. నేనైతే దానికి రెట్టింపు ఉంటేనే ధైర్యం చేస్తాను. వంపు అంతకంటే ఎక్కువగా ఉంటే ఓవెన్‌లో వేడిచేసి అచ్చుమీద వంచేవారి దగ్గరికి వెళ్లాలి. యాక్రిలిక్ 150 నుంచి 160 డిగ్రీల మధ్య వస్త్రంలా మెత్తబడుతుంది. పాలీకార్బొనేట్‌ను అలా వేడిచేసే ముందు 120 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఆరబెట్టకపోతే, అది పీల్చుకున్న తేమ బుడగలై షీటంతా పాడవుతుంది.

సీలెంటు

మంచి షీటును చెడగొట్టే శక్తి సీలెంటుకు ఉంది. హార్డ్‌వేర్ దుకాణంలో చవకగా దొరికే, తెరవగానే వెనిగర్ వంటి పులుపు వాసన కొట్టే సిలికోన్‌ను ముట్టుకోవద్దు. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది పాలీకార్బొనేట్‌ను బలహీనపరుస్తుంది, అల్యూమినియం ఫ్రేమును కొరుకుతుంది. పడవలకు వాడే పాలీసల్ఫైడ్ సీలెంట్లు కూడా ఈ ప్లాస్టిక్‌లకు సరిపడవు. మామూలు పాలీయురేథేన్ జిగురును కిటికీ గుండా పడే ఎండ క్రమంగా విడగొడుతుంది. దానిని వాడాలనుకుంటే ఎండకు తట్టుకునే ప్రత్యేక రకం, తయారీదారు చెప్పిన ప్రైమర్ (ముందుపూత) రెండూ ఉండాలి.

మనకు కావలసినది న్యూట్రల్ క్యూర్ (గట్టిపడేటప్పుడు ఆ ఆమ్లాన్ని వదలని) సిలికోన్, అందులోనూ గాజు భవనాలకు వాడే వెదర్ సీలెంటు రకం. ఈ విషయంలో హైదరాబాద్‌లో ఉండడం నిజంగా అదృష్టం. మాదాపూర్, గచ్చిబౌలి భవనాల గాజు ముఖాలను నిలబెట్టేవారు నిత్యం వాడే సరుకు ఇదే కాబట్టి, వారికి సరఫరా చేసే దుకాణాల్లో తాజా ట్యూబులు దొరుకుతాయి. ట్యూబు మీద న్యూట్రల్ అనే మాట, గడువు తేదీ, సాగుదల శాతం చూసి కొనండి. 50 శాతం దాకా అటూ ఇటూ కదలికను భరించే రకం ఉత్తమం. అయితే ఆ శాతం సీలెంటు పొర మందానికి వర్తిస్తుందని మరవకూడదు. పలకను గోడకు గట్టిగా అదిమి సీలెంటునంతా బయటికి పిండేస్తే మిగిలే పల్చని పొరకు సాగే చోటే ఉండదు. కనీసం 3 మిల్లీమీటర్ల పొర మిగిలేలా మధ్యలో అంత మందం గల రబ్బరు ముక్కలను అక్కడక్కడా అతికించండి, లేదా అంతే మందం గల రెండువైపుల అంటుకునే ఫోమ్ టేపును లోపలి అంచు వెంట వేసి, దాని బయట సీలెంటు నింపండి.

బిగించే రోజును కూడా ఎంచుకోవాలి. మండుటెండలో సాగి ఉన్న పలకను బిగిస్తే చలికాలంలో అది ముడుచుకుని సీలెంటును లాగుతుంది, చలిలో బిగిస్తే వేసవిలో నెట్టుతుంది. పలక, గోడ రెండూ నీడలో, పాతిక ముప్ఫై డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పని చేయడం మేలు. పలక పైనున్న కాగితాన్ని అంచు వెంట రెండు అంగుళాల మేర మాత్రమే తీయండి, మిగతాది సీలెంటు ఆరిన తరువాత తీసుకోవచ్చు. అంటుకునే పట్టీని సన్నని ఉప్పుకాగితంతో కొంచెం గరుకు చేసి, సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గోడవైపున పాత సిలికోన్ కొంచెం మిగిలినా కొత్తది దానికి సరిగా అంటదు కాబట్టి, ప్లాస్టిక్ గీకుడుపలకతో చివరిదాకా గీకి తీయాలి. ఈ సీలెంటు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. పైపొర గంటలోపే చెయ్యి అంటకుండా ఆరినా, లోపలిదాకా గట్టిపడడానికి వారం పైగా పడుతుంది. ఆ వారంలో పడవను బయటికి తీయవద్దు. తరువాత ఒకరు లోపల టార్చితో కూర్చుని, ఇంకొకరు బయట పైపుతో కింది అంచునుంచి పైకి నెమ్మదిగా నీరు పట్టి చూడండి. పైనుంచి మొదలుపెడితే కారే చోటు ఏదో తేలదు.

ఆ తరువాతి సంరక్షణలో చేయకూడనివే ఎక్కువ. ఇంట్లో కిటికీలకు వాడే అమ్మోనియా గల స్ప్రేలు, స్పిరిట్, అసిటోన్, పెట్రోలు, థిన్నర్ ఏవీ దగ్గరికి రానివ్వకండి. పొడిగుడ్డతో ఉప్పును తుడవడం అంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. ముందు మంచినీటితో ధారాళంగా కడిగి, చెయ్యి కడుక్కునే సబ్బునీటిలో ముంచిన మెత్తని నూలుగుడ్డతో తుడవండి. పడవ ఖాళీగా ఉన్న రోజుల్లో కిటికీల మీద లేతరంగు కాన్వాస్ తొడుగు వేస్తే ఎండ సగం పని చేయలేదు. రౌటర్ కోతలో మిగిలిన ముక్కలను పారవేయకుండా, ఒకదాని మీద షీటు రకం, మందం, కొన్న తేదీ, సీలెంటు పేరు చెక్కించి పడవలోని పనిముట్ల పెట్టెలో ఉంచాము. ఏ కొత్త ద్రవమైనా కిటికీకి తాకించే ముందు, ఆ ముక్కల్లో ఒకదాన్ని కొంచెం వంచి పట్టి, దానిమీద ఆ ద్రవం రాసి ఒక రాత్రి ఉంచి చూస్తున్నాము.